చిన్నప్పుడు ఎవరు తినిపించారు? కోఠి రెసిడెన్సీ పిల్లల నుంచి రంగారెడ్డి ఉప్మా దాకా

ఈసారి ఎపిసోడ్ కోఠి ఉమెన్స్ కాలేజీ గేటు బయట నుంచి. వెనక హారన్లు వినిపిస్తాయి, సర్దుకోండి. కోఠిలో హారన్ లేకుండా షూట్ చేయాలంటే తెల్లవారుజామున నాలుగింటికి రావాలి, అది నా వల్ల కాదు.

హిస్టరీలోకి పోయే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మూడు నెలల కింద హెల్త్ చెకప్ చేయించుకున్నా. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అంటే షుగర్ ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడింది. నాకు 28. నాలుగేళ్లు కుర్చీలో కూర్చుని కోడ్ రాశాను, రాత్రి పన్నెండింటికి బిర్యానీలు ఆర్డర్ పెట్టాను. కారణం ఏంటో నాకు బాగానే తెలుసు.

మా అమ్మ మాత్రం రిపోర్టు చూసి వేరే మాట అడిగింది. "నా వల్లనే అయ్యిందా బిడ్డా? నాలుగు నెలల పిల్లగానివి, నిన్ను ఇడిసిపెట్టి డ్యూటీకి పోయిన."

అమ్మ ఇక్కడే, సుల్తాన్ బజార్‌లో చీరల షాపులో పనిచేసేది. పొద్దున పోతే రాత్రి తొమ్మిదికి వచ్చేది. నన్ను పెంచింది నానమ్మ. 28 ఏళ్లయినా ఆ లెక్క అమ్మ మనసులో ఇంకా మూసుకోలేదు.

ఆ అనుమానం ఊరికే రాలేదు లెండి. వాట్సాప్‌లో ఎవరో రీల్ పంపారు. వెనక వయొలిన్, ముందు ఏడుస్తున్న పసిపాప. తల్లిదండ్రుల ప్రేమ సరిగా దొరకని వాళ్లలో 87 శాతం మందికి నడివయసులో పెద్ద జబ్బులు వచ్చాయట, బాగా దొరికిన వాళ్లలో 25 శాతం మందికేనట. స్టడీ పేరు లేదు, ఊరు పేరు లేదు. ఫేక్ అనుకుని వదిలేద్దామనుకున్నా. తీరా వెతికితే నిజంగానే స్టడీ ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ గేటు లోపలికి.

ఆ చెట్ల వెనక పెద్ద పెద్ద స్తంభాలతో కనపడేది బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఈస్ట్ ఇండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంట్ అనేవాళ్లు. ఈ భవనం కట్టించిన రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1949 నుంచి ఇది ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ అమ్మాయి ఖైరున్నిసాను పెళ్లి చేసుకున్న కథ మీలో చాలామంది వినే ఉంటారు. 2002లో విలియం డాల్రింపుల్ 'వైట్ ముఘల్స్' రాశాక అది ప్రపంచమంతా తిరిగింది. అందరూ లవ్ స్టోరీ చెప్పుకుంటారు. నాకు వాళ్ల పిల్లలే ఎక్కువ గుర్తుండిపోయారు.

ఇద్దరు. అబ్బాయి సాహిబ్ ఆలం 1801లో పుట్టాడు, అమ్మాయి సాహిబ్ బేగం 1802లో. 1805లో వీళ్లను మద్రాసులో ఓడ ఎక్కించి ఇంగ్లండ్ పంపేశారు. పిల్లాడికి నాలుగు, పాపకు మూడు. ఆ రోజుల్లో కంపెనీ ఆఫీసర్లు ఇక్కడి భార్యలకు పుట్టిన పిల్లల్ని ఇలాగే పంపేవాళ్లు, అక్కడైతే 'సరిగా' పెరుగుతారని. తల్లి వద్దంది. ఆమె మాట ఎవరు వింటారు? ఆ ఏడాది అక్టోబర్‌లోనే కలకత్తాలో తండ్రి చనిపోయాడు. ఇంగ్లండ్‌లో తాతగారింట్లో పిల్లలకు కొత్త పేర్లొచ్చాయి, విలియం, కిట్టీ. తల్లికి ఉత్తరం రాసే వీలు కూడా లేకుండా పోయింది. ఖైరున్నిసా తర్వాత కొన్నాళ్లు మచిలీపట్నంలో ప్రవాసంలాగా గడిపి, చివరికి హైదరాబాద్ చేరి, 1813లో చనిపోయింది. వయసు 27 ఏళ్లు. పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరి ఆయుష్షు చూడండి. విలియం పదేళ్లు దాటాక మరుగుతున్న నీళ్ల గంగాళంలో పడ్డాడు, జీవితాంతం వైకల్యం మిగిలింది. 1828లో పోయాడు. 27 ఏళ్లు, సరిగ్గా తల్లి వయసే. కిట్టీ పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, 1889లో టార్కీ అనే ఊళ్లో కన్నుమూసింది. అప్పటికి 86 ఏళ్లు.

అదే ఇల్లు, అదే తల్లి, అదే ఓడ, అదే ఎడబాటు. ఒకరు 27, ఒకరు 86. రీల్ చేసేవాడు విలియంను పట్టుకుంటే "తల్లికి దూరమైతే ఆయుష్షు తక్కువ" అని చెప్పొచ్చు. కిట్టీని పట్టుకుంటే "కష్టం మనిషిని గట్టి చేస్తుంది" అని ఇంకో రీల్. రెండూ చెత్తే. ఒకరిద్దరి కథతో ఏదైనా నిరూపించొచ్చు, అందుకే దేన్నీ నిరూపించలేం. ఈ మాట నేను ఈ ఎపిసోడ్‌లో మళ్లీ మళ్లీ గుర్తుచేసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే నేను కూడా ఒక్కణ్నే, నా 6.1 కూడా ఒక్క రిపోర్టే.

అయితే కిట్టీకి ఎడబాటు గుర్తు లేదనుకోకండి. దాదాపు 40 ఏళ్ల వయసులో, 1841లో, హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరం రాసింది. తాము వెళ్లిపోతుంటే అమ్మ ఏడ్చిన ఏడుపు, అమ్మ కూర్చున్న చోటు తనకు కళ్లకు కట్టినట్టున్నాయని రాసింది. కలలో అమ్మ దొరుకుతుందట, కానీ తను మాట్లాడే ఇంగ్లీషు అమ్మకు అర్థం కాదట. మూడేళ్ల వయసులో ఆఖరిసారి చూసిన మనిషి! అమ్మమ్మ తిరిగి రాస్తూ ఖైరున్నిసా జుట్టు పాయ ఒకటి పంపింది. 1847లో అమ్మమ్మ పోయేదాకా ఉత్తరాలు నడిచాయి. ఇద్దరూ కలవలేదు.

ఆ ఎడబాటు మనసులో 40 ఏళ్లు ఉంది. మరి ఒంట్లో? గుండెలో, రక్తనాళాల్లో? దాన్ని లెక్కపెట్టడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీ ఉంది. అక్కడ 1911 నుంచి నర్సులు ఇంటింటికీ తిరిగి ప్రతి బిడ్డ బరువు రాసుకున్నారు. పుట్టినప్పుడెంత, ఏడాదికెంత, తల్లిపాలు తాగిందా, సీసా పాలా, అన్నీ రిజిస్టర్లలో ఎక్కించారు. ఆ రిజిస్టర్లను డేవిడ్ బార్కర్ అనే డాక్టర్ టీమ్ పట్టుకుంది. 1911–1930 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్లు ఎలా చనిపోయారో వెతికి, 1989లో లాన్సెట్ పత్రికలో వేశారు. ఏడాది వయసులో 18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల దగ్గరే ఆగిపోయిన వాళ్లకు గుండెజబ్బు మరణాలు ఎక్కువ. బాగా బరువున్న వాళ్లతో పోలిస్తే దాదాపు మూడింతలు. ముసలితనంలో వచ్చే గుండెపోటుకు ఒక కొస ఉయ్యాల్లో ఉందని డాక్టర్లు సీరియస్‌గా తీసుకోవడం అక్కడి నుంచే మొదలైంది.

ఇక అమ్మకు వచ్చిన రీల్. అది 1950లలో హార్వర్డ్ విద్యార్థులతో మొదలైన స్టడీ. మీ అమ్మానాన్న మీతో ఎంత ఆప్యాయంగా ఉండేవాళ్లని కుర్రాళ్లను అడిగారు. 35 ఏళ్ల తర్వాత వాళ్ల ఆరోగ్యం చూశారు. 87, 25 అక్కడివే, 1997లో అచ్చయ్యాయి. రీల్ దాచిపెట్టిన సంగతేంటంటే, మొత్తం తీసుకున్నది 126 మందిని. అందరూ మగవాళ్లే, అందరూ హార్వర్డే. ఇంత చిన్న గుంపులో వచ్చిన శాతాన్ని సుల్తాన్ బజార్ చీరల షాపులో నిలబడి పనిచేసిన మనిషి మీదికి విసరడం అన్యాయం.

దీనికన్నా చాలా పెద్దది అమెరికాలోనే శాన్ డియాగోలో జరిగింది. ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు డాక్టర్లు, మొదటి పేపర్ 1998లో. చిన్నప్పుడు కొట్టారా, తిట్టారా, ఇంట్లో తాగుబోతులున్నారా, తల్లిని కొట్టడం చూశారా, ఇలాంటివి వేలమందిని అడిగి పాయింట్లు వేశారు. పాయింట్లు పెరిగే కొద్దీ తాగుడు, డిప్రెషన్, గుండెజబ్బులు పెరిగాయి. 2009లో మరణాల లెక్క తీస్తే, ఆరు, అంతకు మించి పాయింట్లున్న వాళ్లు సగటున 60.6 ఏళ్లకు పోయారు, ఒక్కటీ లేనివాళ్లు 79.1కి. దాదాపు 20 ఏళ్ల తేడా! ఇక్కడే ఆగి ఊపిరి తీసుకోండి. ఇది అప్పటికే చనిపోయిన వాళ్ల సగటు మాత్రమే. పైగా అందరూ గుర్తు చేసుకుని చెప్పిన బాల్యం. దెబ్బలు తిన్న ప్రతి పిల్లాడూ 60కి పోతాడని దానికి అర్థం కాదు. మీలో ఎవరైనా బెల్టు దెబ్బలు తిని పెరిగిన వాళ్లుంటే దయచేసి ఈ నంబర్ మీకు మీరు అంటించుకోవద్దు.

ఇవన్నీ తెల్లవాళ్ల దేశాల లెక్కలు. మన దగ్గర? ఇక్కడ నుంచి అబిడ్స్ దాటి, నాంపల్లి మీదుగా రెడ్ హిల్స్ పోతే నీలోఫర్ హాస్పిటల్ వస్తుంది. నిజాం చిన్న కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోయిందని, ఆ బాధలో పుట్టిన ఆలోచనే 1953లో మొదలైన ఆ ఆసుపత్రి అని చెప్పుకుంటారు. 1958లో తమిళనాడు కూనూర్ నుంచి ఒక పరిశోధనాలయం హైదరాబాద్‌కు మారింది. తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్, జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం కదా, అదే. తర్వాత దానికి డైరెక్టర్ అయింది డాక్టర్ సి. గోపాలన్. తిండి లేక కాళ్లు వాచి, జుట్టు రంగు మారి వచ్చే పసిపిల్లల జబ్బును ఆయన జీవితాంతం చదివాడు.

ఆ ఎన్‌ఐఎన్ 1987లో ఒక పని మొదలుపెట్టింది. అప్పుడు దానికి 'తల్లిదండ్రుల పెంపకం' అనే పేరేం లేదు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ స్కీమ్ 1975 అక్టోబర్ 2న మొదలైంది, కానీ దేశమంతా ఒకేసారి రాలేదు, విడతలు విడతలుగా వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో, మన సిటీ పక్కనే, కొన్ని ఊళ్లకు వచ్చింది, పక్క ఊళ్లకు ఇంకా రాలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒక సర్వర్‌లో కొత్త వెర్షన్, పక్క సర్వర్‌లో పాతది. పోల్చడానికి ఇంతకన్నా మంచి సెటప్ దొరకదు. అలా మొత్తం 29 ఊళ్లు, 15 ఊళ్లలో తిండి స్కీమ్ ఉంది, 14 ఊళ్లలో లేదు.

తిండి అంటే ఏం తిండి? ఉప్మా. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో వండిన ఉప్మా. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 500 కేలరీలు, ఆరేళ్ల లోపు పిల్లలకు దాదాపు 300. మా అమ్మ ఇది విని, "గా సోయా ఉప్మా రుచేముంటది" అంది. రుచి సంగతి ఏ పేపర్లోనూ రాయలేదమ్మా అన్నాను.

అప్పట్లో వాళ్లు చూడాలనుకున్నది పుట్టే బిడ్డ బరువు. తేడా వచ్చింది కానీ చిన్నది. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోయేది. ఫైలు అటక ఎక్కేది.

కానీ 2003–2005లో సంజయ్ కిన్రా, ఎన్‌ఐఎన్‌లో కె.వి. రామేశ్వర్ శర్మ లాంటి వాళ్లంతా కలిసి అవే ఊళ్లకు మళ్లీ వెళ్లారు. ఆ పిల్లలకు ఇప్పుడు 13 నుంచి 18 ఏళ్లు. అందరూ దొరకలేదు. 1,165 మందిని కొలిచారు, రక్తం తీశారు, రక్తనాళాలు ఎంత బిగుసుకున్నాయో చూశారు. 2008లో బీఎంజేలో వచ్చింది. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం 20 శాతం తక్కువ. రక్తనాళాల బిగుసు సూచీ 3.3 శాతం తక్కువ. బీపీ, కొలెస్ట్రాల్‌లో స్పష్టమైన తేడా లేదు.

14 మిల్లీమీటర్లంటే నా గోరంత. నవ్వొచ్చేంత చిన్న నంబర్. కానీ ఆ ఇన్సులిన్ సంగతి చూడండి. నా రిపోర్టులో 6.1కి వెనకున్న గొడవ అదే. ఇన్సులిన్ తలుపు కొడుతుంది, కణం తలుపు తీయదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, తర్వాత బుల్లి చేతులతో తిన్న ఆ రోజుకో పిడికెడు ఉప్మా 16 ఏళ్ల తర్వాత కూడా ఆ తలుపు కాస్త తేలిగ్గా తీయిస్తోంది. తిన్నవాళ్లకు అది గుర్తు కూడా ఉండదు.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఉప్మా ఊళ్ల తల్లులు పక్క ఊళ్ల తల్లులకన్నా ఎక్కువ ప్రేమగా ఉన్నారా? అలా అనుకోవడానికి ఏ కారణమూ లేదు. ఆ ఊళ్లకు స్కీమ్ ముందు వచ్చింది, అంతే. ఒక టీచర్, ఒక ఆయా, ఒక పొయ్యి, పిండి మూటలు మోసుకొచ్చిన జీపు. మనం 'పెంపకం' అనగానే అమ్మ వైపు వేలు చూపిస్తాం. అమ్మ తినకపోతే బిడ్డకేం అందుతుంది, అమ్మకు ఎవరు పెట్టాలి అన్నది ఎవరూ అడగరు.

ఇందులో లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ రీల్ వాడే అవుతాను. ఏ ఊరికి తిండి ఇవ్వాలో లాటరీ తీసి నిర్ణయించలేదు, స్కీమ్ ఎక్కడికొస్తే అక్కడ. ఊళ్ల మధ్య వేరే తేడాలు కూడా ఉండొచ్చు. తర్వాత అదే పిల్లలు 18 నుంచి 23 ఏళ్లకు వచ్చాక కండ, పిడికిలి బలం కొలిస్తే చిన్నప్పటి ఉప్మా జాడ స్పష్టంగా కనపడలేదు. ఇప్పుడేం తింటున్నారు, ఎంత కష్టపడుతున్నారు అన్నదే ఎక్కువ లెక్కలోకి వచ్చింది. చదువులో మాత్రం తేడా కనపడింది. ఉప్మా ఊళ్ల పిల్లలు టీనేజ్‌లో బడిలో కొనసాగడం ఎక్కువ, ముప్పావు తరగతికి పైగా ఎక్కువ చదివారు. చదువు ఆయుష్షుకు ఎంత దగ్గరి చుట్టమో తెలిసిందే. ఇక ఆయుష్షు లెక్క? వాళ్లలో పెద్దవాళ్లకు ఇంకా 40 కూడా రాలేదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లాగా తేలాలంటే మనం ముసలోళ్లం కావాలి.

ఇదంతా తిండి. ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు అన్నదాని మీద కూడా మన దగ్గరే పని జరిగింది. ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్త షహనాజ్ వజీర్ టీమ్, నల్గొండ జిల్లాలో 60 ఊళ్లు, 600 మంది తల్లీబిడ్డలు. మూడు గుంపులు. ఒకదానికి మామూలు అంగన్‌వాడీ సేవలు. రెండోదానికి వాటితో పాటు, ఆ ఊళ్ల ఆడవాళ్లే ట్రైనింగ్ తీసుకుని రెండు వారాలకోసారి ఇంటికొచ్చి బిడ్డకు ఏం పెట్టాలో చెప్పారు. మూడోదానికి ఏం పెట్టాలో చెప్పడమే కాక, ఎలా పెట్టాలో కూడా. బిడ్డ మొహం చూడు, ఆకలేస్తే ఏం చేస్తోందో గమనించు, వద్దని తల తిప్పితే ఆగు, మాట్లాడుతూ పెట్టు, ఆడించు. ఐదు చిన్న చిన్న బొమ్మలు కూడా ఇచ్చారు. మూడు నెలల బిడ్డల దగ్గర మొదలుపెట్టి 15 నెలల దాకా.

2013లో అచ్చయిన ఫలితాల్లో రెండు గుంపుల పిల్లలూ మామూలు గుంపు కన్నా బాగా తిన్నారు. పొడవు పెరగడంలో తేడా రెండో గుంపులో స్పష్టంగా కనపడింది. తెలివితేటల పరీక్షలో తేడా మాత్రం మూడో గుంపులో, ఆ మాటలూ ఆటలూ ఉన్నచోట. తిండి ఎముకకు, ముచ్చట మెదడుకు అని సింపుల్‌గా కొట్టిపారేయాలనిపిస్తుంది కానీ అంత నీట్‌గా ఉండదు, మూడో గుంపు కూడా తిండి తిన్నదే.

చదువుతుంటే నాకు మా నానమ్మ కనపడింది. మెట్ల మీద కూర్చోబెట్టి, కాకిని చూపించి, చందమామను చూపించి, ఒక ముద్ద పెట్టి, నేను నమిలేదాకా ఆగి, ఇంకో ముద్ద. గంట పట్టేదట. ఆమెకు ఏ ఫ్లిప్‌చార్టూ ఎవరూ చూపించలేదు. అందరు నానమ్మలూ ఇలాగే అని కూడా అననులెండి. ముక్కు మూసి, కాళ్ల మధ్య నొక్కిపెట్టి ఉగ్గు పోసేవాళ్లను నేను చూశాను, అది కూడా ప్రేమతోనే చేస్తారు. ఇప్పుడు దాని ప్లేసులో ఫోన్ వచ్చింది. స్క్రీన్ మీద కళ్లు పెట్టిన పిల్లాడు నోరు తెరుస్తాడు, ముద్ద పోతుంది, కడుపు నిండిందో లేదో వాడికీ తెలీదు, పెట్టేవాళ్లకూ తెలీదు. వీడియోలు చేసి బతికేవాణ్ని, నేనే చెప్తున్నా, నా ఎపిసోడ్లు పెట్టి మాత్రం ఎవరికీ తినిపించకండి.

నిన్న రాత్రి అమ్మకు ఇదంతా చెప్పాను. హార్వర్డ్ 126 మంది గురించి చెప్పాను. ఉప్మా గురించి, నల్గొండ గురించి చెప్పాను. నువ్వు డ్యూటీకి పోయినందుకు నాకు షుగర్ దగ్గరకొచ్చిందని ఏ లెక్కా చెప్పదమ్మా, ఒక్క మనిషి గురించి చెప్పే శక్తి ఈ లెక్కలకు లేదు, రాత్రి బిర్యానీలు మాత్రం నేనే తిన్నాను అన్నాను. విన్నది. కాసేపాగి, "నువ్వు పుట్టినప్పుడు షాపుల లీవిచ్చిండ్రు, పైసలియ్యలే. అందుకే జల్ది పోయిన" అంది. 28 ఏళ్లలో ఈ ముక్క నాకు చెప్పడం ఇదే మొదటిసారి. నేనెప్పుడూ అడగలేదు మరి.

ఇప్పుడు రోజూ పొద్దున నడుస్తున్నా. వచ్చే నెల మళ్లీ టెస్ట్, ఎంతొచ్చిందో చెప్తాను.

ఈరోజు షూట్‌కు అమ్మ కూడా వచ్చింది, కెమెరా ముందుకు మాత్రం రానంది. అదిగో, గేటు పక్కన నీడలో నిలబడింది. అన్నేళ్లు ఇక్కడికి ఐదు నిమిషాల దూరంలో పనిచేసి ఒక్కసారి కూడా ఈ లోపల ఏముందో చూడలేదట. ఇందాక ఖైరున్నిసా కథ చెప్తుంటే మధ్యలో ఆపి అడిగింది.

"మరి గా పిల్లలు మల్ల రాలేదా?"

రాలేదమ్మా అన్నాను.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.